నక్షత్రాల పని, కరెంటు పని

పదేళ్ళపాటు గెలాక్సీల మీద సిమ్యులేషన్లు రాసిన ఒక పరిచయస్తుడు ఈమధ్య ఫ్యూజన్ కంపెనీలో చేరాడు. "పోన్లే, ఇన్నాళ్ళకి పనికొచ్చే పనిలో పడ్డాడు" అన్నారొకరు. విన్నవాళ్ళంతా తలూపారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. నక్షత్రం నుంచి కరెంటుకి రావడం నిజంగా మెట్టెక్కడమేనా?

ఆ రెండు పనులకీ మధ్య దూరం బయటికి కనిపించినంత లేదు. ఎలక్ట్రాన్లు ఊడిపోయేంతగా కాగిన వాయువు, దాన్ని పట్టుకుని లాగే అయస్కాంత క్షేత్రం: రెండుచోట్లా ఇవే. వేగం, సాంద్రత, పీడనం, క్షేత్రం అడుగడుగునా లెక్క కడుతూ పోవాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే లైబ్రరీ చాలావరకు పాతదే, ఇన్‌పుట్ ఫైలు మారింది.

దారి కూడా కొత్తది కాదు. 1951లో అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్ తమ దేశం కేంద్రక సంలీనాన్ని అదుపులోకి తెచ్చిందని ప్రకటించాడు. అది ఉత్తదేనని తర్వాత తేలింది. కానీ ఆ వార్త విని, మంచుకొండల్లో స్కీయింగ్‌కి వెళ్ళిన ప్రిన్స్‌టన్ ఖగోళ శాస్త్రవేత్త లైమన్ స్పిట్జర్, అసలది ఎలా సాధ్యమవుతుందా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఆయన పని నక్షత్రాల మధ్య వాయువు మీద. తను ఊహించిన యంత్రానికి 'స్టెల్లరేటర్' అని పేరు పెట్టాడు. ప్రాజెక్టుకేమో మాటర్‌హార్న్ అని శిఖరం పేరు. మనిషి పర్వతారోహకుడు మరి. అదే ప్రాజెక్టులో రెండో విభాగం జాన్ వీలర్ కింద హైడ్రోజన్ బాంబు లెక్కలు చేసేది. 'పనికొచ్చే పని' అన్నప్పుడు ఈ పక్క గది సంగతి మనకి గుర్తురాదు.

ఇంకో మాట కూడా నన్ను ఇబ్బంది పెడుతుంది: "సూర్యుణ్ణి సీసాలో బిగిస్తున్నాం." సూర్యుడి గర్భంలో ఒక ఘనమీటరులో పుట్టే శక్తి మూడువందల వాట్లు కూడా ఉండదు. అంటే మూడు పాత బల్బులపాటి. ఆయన వెలుగంతా ఆయన సైజు వల్ల వచ్చింది. పైగా కదలకుండా నొక్కిపట్టడానికి గురుత్వాకర్షణ ఉంది, అవసరానికి మించి టైముంది. మనకి ఆ రెండూ లేవు. అందుకే సూర్యగర్భంలో కోటిన్నర డిగ్రీలు సరిపోతే, ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ యంత్రంలో పదిహేను కోట్ల డిగ్రీలు కావాలి. ఇంధనమూ వేరే, డ్యుటీరియం, ట్రిషియం. సూర్యుడు చేసే పని ఇది కాదు.

తేడా అంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. నక్షత్రం గురించిన మోడల్ తప్పయితే ఇంకో పేపరొస్తుంది. ఎవరింట్లోనూ దీపం ఆరదు, ఎవరికీ ఏదీ బాకీ పడం. కరెంటు ఇస్తామన్న మరుక్షణం మాత్రం బాకీ మొదలవుతుంది. 1955 జెనీవా సమావేశంలో హోమీ భాభా, ఆయనా కాస్మిక్ కిరణాల నుంచి వచ్చినవాడే, రెండు దశాబ్దాల్లో ఫ్యూజన్ శక్తిని అదుపులో వాడుకునే పద్ధతి దొరుకుతుందని జోస్యం చెప్పాడు. డెబ్బై ఏళ్ళయింది. ఆయనది అబద్ధమని నేననను. కానీ ఆశ చూపించడం కూడా ఒక పనే, దానికీ జవాబుదారీ ఉంటుంది.

2022 డిసెంబరులో కాలిఫోర్నియాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2.05 మెగాజౌళ్ళ లేజర్ శక్తి ఇస్తే 3.15 మెగాజౌళ్ళు వచ్చాయి. గొప్ప ఫలితం, అనుమానం లేదు. ఆ లేజర్లని పేల్చడానికి గోడలోంచి లాగిన కరెంటు మాత్రం సుమారు 300 మెగాజౌళ్ళు. రెండు లెక్కలూ నిజమే. ఏది హెడ్డింగులో పెట్టాలి, ఏది అడుగున పెట్టాలి అన్నది భౌతికశాస్త్రం తేల్చదు. గెలాక్సీల మీద పనిచేస్తున్నన్నాళ్ళూ మా పరిచయస్తుడికి ఈ ప్రశ్న ఎదురవలేదు. ఇప్పుడు పెట్టుబడి పెట్టేవాళ్ళకి చూపించే ప్రతి గ్రాఫులోనూ ఎదురవుతుంది. మెట్టెక్కాడో లేదో గానీ, ఎక్కువ బరువు నెత్తికెత్తుకున్నాడనడం న్యాయం.

అట్లాగని తారల మీద పనంతా ఆటవిడుపనీ అనలేను. రష్యన్ల టోకమాక్ ఫలితాలు 1968లో బయటికొచ్చాక ప్రిన్స్‌టన్ వాళ్ళే తమ స్టెల్లరేటర్‌ని టోకమాక్‌గా మార్చేశారు. స్పిట్జర్ ఆలోచన పక్కకిపోయినట్టే కనిపించింది. మళ్ళీ బతికింది ఎక్కువగా కంప్యూటర్ల వల్లే. వంకర్లు తిరిగిన అయస్కాంత తీగచుట్టల ఆకారం చేత్తో లెక్కగట్టగలిగేది కాదు. 2015లో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో మొదలైన వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌లో అలాంటి వంకర చుట్టలు యాభై ఉన్నాయి. ఫొటో చూస్తే ఎవరో నలిపిపారేసిన ఉంగరాల్లా ఉంటాయి.

అంతరిక్షంలో టెలిస్కోపు పెట్టాలని స్పిట్జర్ 1946లోనే రాశాడు, ఫ్యూజన్‌కి ఐదేళ్ళ ముందు. ప్లాస్మా పనిలో మునిగున్నప్పుడూ దాన్ని వదల్లేదు, తర్వాత మళ్ళీ నక్షత్రాల మధ్య వాయువు దగ్గరికే వెళ్ళాడు. 1990లో హబుల్ పైకెళ్ళడం చూశాడు. 1997లో పోయాడు. అప్పటికి ఏ ఫ్యూజన్ యంత్రమూ ఒక్క ఇంటికీ కరెంటు ఇవ్వలేదు.