లెక్క ఎవరింట్ల ఉంది?

చమురు కంపెనీల లాభాల ముచ్చట వస్తే మన నోటికి ముందు వచ్చే మాట దోపిడీ. 2023-24లో ఇండియన్ ఆయిల్ లాభం 39,619 కోట్లు, భారత్ పెట్రోలియంది 26,673 కోట్లు, హిందుస్తాన్ పెట్రోలియంది 14,694 కోట్లు. మూడూ కలిపితే 81 వేల కోట్ల దగ్గర. బంకులో మీటరు తిరుగుతుంటే చూసిన ఎవరికైనా ఈ అంకె వింటే కడుపు మండుతది. నాకూ మండింది. కాని దేశమంతా అమ్మేవాడి లాభం పెద్దగానే ఉంటది. ఏ లాభం న్యాయం, ఏది గుంజుకోవడం అన్నది అంకె పొడుగును బట్టి తేలదు.

మాది దేవరకొండ దిక్కు. ఒక పక్క నల్లగొండ, ఇంకో పక్క పాలమూరు. మా దిక్కు ముసలోళ్లకు గుంజుకోవడం అంటే ఏందో చెప్పడానికి ఒక పాత మాట ఉంది: నాగు. తిండిగింజలు అయిపోయిన కాలంలో దొర గడీకో షావుకారు ఇంటికో పోయి ధాన్యం తెచ్చుకుంటే, పంట చేతికొచ్చినంక దానికి సగం కలిపి కొలిచియ్యాలె. సాయుధ పోరాట కాలంలో వెట్టితో పాటు ఈ నాగు మీద కూడా జనం తిరగబడ్డరు. నాగులో జనాన్ని మండించింది వడ్డీ రేటు ఒక్కటే కాదని నాకనిపిస్తది. తీసుకునేవాడు వద్దనలేడు. పంట పోతే నష్టమంతా అతని మీదనే. లెక్క రాసిన పుస్తకం మాత్రం ఇచ్చినవాడి ఇంట్ల ఉంటది. ఈ మూడూ కలిసినప్పుడు వ్యాపారం దోపిడీ అయితది.

ఇప్పుడు ఊర్ల ట్రాక్టరు పెట్టుకున్నాయన సంగతి చూడండి. డీజిల్ పెరిగితే దుక్కి కిరాయి పెంచుతడు. డీజిల్ రెండు రూపాయలు తగ్గితే కిరాయి మాత్రం తగ్గించడు. గొణుక్కుంటం గాని దొంగ అనం. ఎందుకంటే ఆయన ఉద్దెర పెడతడు. మన పంట పోతే ఆయన పైసలు కూడా ఆగుతయి. ‘‘ఏందే, గింత పెంచినవ్?’’ అని అడిగితే నిలబడి జవాబు చెప్తడు. లాభం తీసుకునేవాడు మన కష్టంలో కూడా ఇంత పాలు పంచుకుంటే దాన్ని దోపిడీ అనడానికి మనసొప్పదు.

చమురు కంపెనీలను ఇదే తరాజులో పెడదాం. మొదటి ప్రశ్న, వద్దనే వీలు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది కాబట్టి బోరు మోటరుకు డీజిల్ అక్కరలేదు. మరి దున్నడానికి? కోత మిషనుకు? మిర్యాలగూడ మిల్లుకు వడ్లు మోసే లారీకి? ఆ పనులకు డీజిల్ కావాల్సిందే. వద్దనే వీలు లేదు.

రెండో ప్రశ్న, నష్టం ఎవరి మీద పడ్డది. ఇక్కడ నాకు కోపం కొంచెం దిగింది. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు వంద డాలర్లు దాటింది. మన బంకుల్లో ధర ఏప్రిల్ 6 నుంచి కంపెనీలు పెంచలేదు. ఆ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మూడు కంపెనీలకు కలిపి 21,201 కోట్ల నష్టం. వంటగ్యాసు నష్టానికి కేంద్రం 22 వేల కోట్లు ఇచ్చినా ఆ ఏడాది మొత్తం మీద మిగిలింది వెయ్యి కోట్ల చిల్లర. ఆ మరుసటేడే 81 వేల కోట్లు. రెండేళ్లూ కలిపి సగం చేస్తే ఏడాదికి 41 వేల కోట్లు పడుతది. యుద్ధం దెబ్బ పూర్తిగా తగలకముందు, 2021-22లో వాళ్ల లాభం దాదాపు 39 వేల కోట్లు. అంటే ఒక ఏడు పోగొట్టుకున్నది మరో ఏడు రాబట్టుకున్నరు. 2024-25లో లాభం మళ్లీ 34 వేల కోట్ల లోపుకు దిగింది. ఇది నాగు లెక్క కాదు. కోపం ఉన్నంత మాత్రాన అబద్ధం చెప్పలేం కదా.

మరి మన జేబు ఖాళీ అయింది నిజం. ఆ పైసలు ఎటుపోయినయి?

2020 మొదట్లో లీటరు డీజిల్ మీద కేంద్ర ఎక్సైజు 15.83 రూపాయలు. ఏప్రిల్ నెలలో ముడిచమురు ఇరవై డాలర్ల దాకా పడిపోయింది. ఆ తగ్గుదల మనదాకా రావాలె. రాలేదు. మార్చిలో 3 రూపాయలు, మే 5 రాత్రి ఇంకో 13 రూపాయలు ఎక్సైజు పెంచితే అది 31.83 అయింది. రెండింతలకు కొంచెం ఎక్కువే. లాక్‌డౌన్‌లో వలస కూలీలు రోడ్ల మీద నడుస్తున్న రోజులవి. వలసకు పేరుపడ్డ పాలమూరుకు ఆ నడక అంటే ఏందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. కష్టకాలంలో సర్కారుకు పైసలు కావాలె, నిజమే. కాని లీటరు మీద వేసే పన్నుకు మడి దున్నే ట్రాక్టరూ షికారుకు పోయే కారూ ఒక్కటే.

తర్వాత ఎక్సైజు రెండు విడతలుగా, 2021 నవంబరులో, 2022 మేలో తగ్గించిన్రు. నవంబరులో కర్ణాటక తన పన్ను కూడా 7 రూపాయలు తగ్గించుకుంది. తెలంగాణ తగ్గించలేదు. డీజిల్ మీద 27 శాతం, పెట్రోలు మీద 35.20 శాతం వ్యాట్ అట్లనే ఉంచింది. అప్పుడు బెంగళూరులో డీజిల్ 85 రూపాయలు, హైదరాబాదులో 94.62. మక్తల్ దిక్కువాళ్లకు కృష్ణ మీది వంతెన దాటితే రాయచూరు, అగ్గువ డీజిల్. దేవరకొండవాళ్లకు ఆ వంతెన దూరం. 2023 డిసెంబరులో రాష్ట్రంలో సర్కారు మారింది, ఆ శాతాలు మారలేదు. దోపిడీ అని ఢిల్లీని తిట్టే నోరు ఇంటి దగ్గరికొచ్చేసరికి మెత్తబడుతది.

ఇక మూడో ప్రశ్న, లెక్క ఎవరి దగ్గరుంది. కాగితం మీద పెట్రోలు ధర 2010లో, డీజిల్ ధర 2014లో సర్కారు చేతినుంచి పోయినయి. ధర మార్కెట్టుదే అన్నరు. 2021 నవంబరు నుంచి ఉత్తరప్రదేశ్ ఎన్నికలు అయిపోయేదాకా కంపెనీలు ధర కదపలేదు. ఎన్నికలైనంక 2022 మార్చి 22 నుంచి పదహారు రోజుల్లో పది రూపాయలు పెంచిన్రు. 2024 మార్చి 15న రెండు రూపాయలు తగ్గింది. ఆ మరునాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఇదేం మార్కెట్టు? నష్టం వచ్చినప్పుడు లీటరుకు ఇంత పోతుందని పేపర్ల నిండా చెప్పిన్రు. ఆ నష్టం ఏ రోజు తీరిందో, ఆ రోజు నుంచి మిగులు ఎవరిదో ఎవరూ చెప్పలేదు. రెండేళ్ల సగటు నేను వేసుకుంటే తెలిసింది. బంకులో పైసలిచ్చేవాడికి ఆ లెక్క ఎవరు చూపిస్తరు?

2022 జులై 1న సర్కారే ఒక పన్ను తెచ్చింది. ఎగుమతి చేసే డీజిల్ మీదా, దేశంలో తీసే ముడిచమురు మీదా. యుద్ధం వల్ల కష్టపడకుండా వచ్చిన లాభంలో జనానికి వాటా ఉండాలన్నది దాని వెనుక మాట. మంచి మాట. 2024 డిసెంబరులో దాన్ని ఎత్తేసిన్రు. ముడిచమురు పడిపోయిన 2020లో అదే మాట సర్కారు తనకు తాను చెప్పుకోలేదు. కలిసొచ్చిన కాలంలో ఇతరుల లాభంలో వాటా అడిగే హక్కు ఉన్నవాడికి, తనకు కలిసొచ్చినప్పుడు వాటా పెట్టే బాధ్యత కూడా ఉండాలె.

2022 ఏప్రిల్‌లో ఆర్టీసీ పల్లెవెలుగు టికెట్టు మీద 2 రూపాయలు పెంచింది. దానికి పేరు పెట్టింది, డీజిల్ సెస్సు అని. తిట్టుకుంటూనే ఇచ్చినం. ఎందుకు ఇస్తున్నమో తెలుసు కాబట్టి ఇంకెన్నాళ్లు అని అడిగే వీలూ ఉండె. చమురు ధరకు కావలసింది ఆ పాటి మర్యాదే. ముడిచమురు ఎంత పెరిగితే ఎంత పెంచుతరో, ఎంత పడితే ఎంత దించుతరో ముందే రాసిపెట్టాలె. నష్టం ఖాతా తెరిచినప్పుడు దాన్ని మూసే రోజు కూడా చెప్పాలె. బంకు బిల్లు మీద కేంద్రం ఎంత, రాష్ట్రం ఎంత, కంపెనీ ఎంత అని మూడు వరుసలు పడాలె.

81 వేల కోట్లను దోపిడీ అనడానికి నా దగ్గర లెక్క లేదు. కాని కొనేవాడికి వద్దనే దారి లేనిచోట అమ్మేవాడు పుస్తకం మూసి పెట్టుకుంటే, లాభం వచ్చినా నష్టం వచ్చినా అది నాగు పద్ధతే. మనం అడగాల్సింది ధర తగ్గించమని మాత్రమే కాదు. ముందు ఆ పుస్తకం తెరవమనాలె.