నాలుగు హద్దుల నడుమ

క్రయపత్రంలో ఇంటి గురించి ఉండే వర్ణన చాలా చిన్నది. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట ముప్పై అడుగుల రోడ్డు, ఉత్తరాన ఒక సైటు, దక్షిణాన మరొకటి. ఆ నాలుగింటి నడుమ ఇన్ని చదరపు అడుగులు. ఇంటి బయట ఏమున్నదో పత్రం ఓపిగ్గా చెబుతుంది. లోపల ఏముండబోతుందో దానికి తెలియదు. తెలియాలని ఆశించడం న్యాయమూ కాదు. అయినా హోసూరులో ఇల్లు తీసుకోవాలన్న తలపు కలిగిన నాటి నుంచి మనసు ఆ చెక్కుబందీ దగ్గరే తచ్చాడుతోంది.

ఈ ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలంలోనూ తొలిజాము చల్లగా ఉంటుంది. కృష్ణగిరి వైపు దిగుతుంటే, శూళగిరి దాటాక గాలి వేడెక్కడం ఒంటికి తెలుస్తుంది. ఒకే జిల్లా, 50 కిలోమీటర్ల దూరం, రెండు రకాల ఉదయాలు. ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్నకు ఒళ్లు ఎప్పుడో జవాబిచ్చేసింది. ఆ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో తెలియదు గాని, లెక్కలన్నీ దాని తరువాతే వచ్చాయి.

ఇళ్లు చూపించేవాళ్లు ఇంటికంటే దిక్కునే ఎక్కువగా చూపిస్తారు. ఇటు బాగలూరు రోడ్డు, అటు 40 కిలోమీటర్లలో బెంగళూరు, రేపు రాబోయే విమానాశ్రయం. ఆ విమానాశ్రయాన్ని 2024 జూన్‌లో తమిళనాడు శాసనసభలో ప్రకటించారు. 2000 ఎకరాలు, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణికులు అన్నారు. ఆ మాట అప్పుడే సైట్ల ధరల్లోకి వచ్చి కూర్చుంది. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినప్పుడూ ఇలాగే ఉండి ఉంటుంది. తరువాత లేలాండ్, టీవీఎస్, టైటాన్. 2019లో ఊరు నగరపాలక సంస్థ అయింది. ఇప్పుడు ఫోన్ల విడిభాగాలు, జిల్లాలోనే పోచంపల్లిలో (మన చీరల పోచంపల్లి కాదు) విద్యుత్ స్కూటర్లు. ఇవన్నీ ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించాయి. వాటిని తప్పుపట్టాలని లేదు. ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. రేపటి ధర చూసి కొన్న ఇంట్లో ఇవాళ ఉండేదెవరు?

ఇల్లు చూస్తున్నామంటే చుట్టాలు అడిగే మొదటి మాట, పెరుగుతుందా అని. పెరుగుతుందన్న జవాబులో ఉన్న నిబ్బరం నిజమైనదే. స్టాంపు 7 శాతం, రిజిస్ట్రేషన్ 2 శాతం, ఆపైన బ్యాంకుకు ఏళ్ల తరబడి వడ్డీ. అన్ని లక్షల ముందు నిలబడి ఏ మనిషి రేపటిని తలుచుకోకుండా ఉంటాడు? అయితే చూపు ఎప్పుడూ ముందుకే ఉంటే పక్కనున్నవి తప్పిపోతాయి. మార్గశిరంలో మంచు పట్టిన అనపకాయల వాసన అలాంటిది. సంతలో గోనెపట్టాల మీద కుప్పలు, సాయంత్రం గడపల దగ్గర గింజలు వలిచే చేతులు, రాగిసంగటిలోకి పితికిపప్పు పులుసు. ఈ ఊళ్లో ఉండడం అంటే ముందుగా గుర్తొచ్చేది అదే. దాన్ని ఏ పత్రమూ రాసివ్వదు. ఇంతవరకు దానికి ఎవరూ అడ్వాన్సు అడగలేదు కూడా.

లేఔటు రాళ్లు పాతిన నేల మొన్నటిదాకా రాగి చేనో, గులాబీ తోటో. ఇక్కడి గులాబీలు ఏటా ఫిబ్రవరి ముందు విమానాలెక్కి దూరదేశాలకు వెళ్తాయి. తాజ్‌మహల్ అనే ఎర్ర రకానికి వాటిలో మంచి పేరు. సాగునేలను ముక్కలు చేసి అమ్మడం రాష్ట్రమంతా ఎంత పెరిగిందంటే, 2016లో మద్రాసు హైకోర్టు అనుమతిలేని లేఔట్లలో రిజిస్ట్రేషన్లు ఆపించింది. మరుసటి ఏడు ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. అందుకే డీటీసీపీ అనుమతి ఉందా అని ఇప్పుడు అందరూ అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఈ నేలలో ఇంతకుముందు ఏం పండేది అని అడిగితే మాత్రం వింతగా చూస్తారు. తెలుసుకుని ఏం చేస్తారంటే జవాబు లేదు. పునాది తీసిన చోట ఎవరి చాళ్లు ఉండేవో తెలిస్తే, ఆ ఇంట్లో తినే ముద్ద కాస్త నెమ్మదిగా తింటామేమో. అంతకు మించిన ప్రయోజనం ఉందని చెప్పలేను.

నీళ్ల సంగతి ఇంకా లోతైనది. దక్షిణ పినాకిని నందికొండల్లో పుట్టి, బెంగళూరు శివార్ల మీదుగా వచ్చి, హోసూరు దగ్గర కేలవరపల్లి జలాశయంలో ఆగుతుంది. గేట్లు ఎత్తినప్పుడు నీటి మీద తెల్లటి నురగ లేస్తుంది. అది పై నగరం వదిలిన మురుగు. ఊళ్లో బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగుతాయి. ఈ జిల్లాలోనూ ధర్మపురిలోనూ భూగర్భజలంలో ఫ్లోరైడు ఉంది కనుకే, హొగెనకల్ నుంచి కావేరి నీటిని తెచ్చే పథకం పెట్టారు. 2013లో అది మొదలైంది. సొంత ఇల్లు అంటాం గాని, ఆ ఇంట్లో గ్లాసెడు నీళ్లు కూడా మన హద్దుల లోపలివి కావు. ఎక్కడో కొండల్లో కురిసిన వాన, ఎవరో వేసిన గొట్టం, ఎవరో తిప్పిన వాల్వు. ఈ సంగతి మనసులో పెట్టుకుని కుళాయి తిప్పడం వేరు, మరిచిపోయి తిప్పడం వేరు. మరిచిపోవడమే సుఖమా, గుర్తుంచుకోవడమే సుఖమా అన్నది ఇంకా తేలలేదు.

మూడు పడకగదుల ఇల్లు ఒకటి చూసొచ్చాక, మూడో గది ఎవరికోసం అన్న మాట ఇంట్లో వచ్చింది. ఏడాదికోసారి వచ్చే చుట్టాలకు అని సమాధానం. ఆ మాటను కొట్టిపారేయలేకపోయాను. ఎప్పుడో వచ్చేవాళ్ల కోసం గది ఉంచడంలో కూడా ప్రేమ ఉంది. అయినా ఎంత ఉంటే చాలు అన్న ప్రశ్న ఆ రాత్రి నిద్రపోలేదు.

హోసూరుకు దగ్గర్లోనే తొరపల్లి. 1878 డిసెంబరు 10న రాజగోపాలాచారి పుట్టిన ఊరు. ఆయన పుట్టిన చిన్న ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. గదిలోకి అడుగుపెడితే రెండు చూపుల్లో గది అయిపోతుంది. 1948లో ఆయన గవర్నర్ జనరల్ అయ్యాడు. ఢిల్లీలో 340 గదుల భవనం ఆయన నివాసమైంది. వైస్రాయిలు వాడిన పెద్ద పడకగది తనకు మరీ ఆడంబరంగా ఉందని, ఆయన చిన్న గదులున్న వైపుకు మారాడు. తరువాత వచ్చిన రాష్ట్రపతులూ అటువైపే ఉంటూ వచ్చారు. తొరపల్లి గది ఆయన లోపల అప్పటిదాకా ఉండిపోయిందా? అలా అనుకోవడం నాకు ఇష్టం. నిజంగా అదే కారణమని చెప్పడానికి ఆధారమేమీ లేదు. చిన్నప్పుడు నిద్రపోయిన గది కొలతే జీవితాంతం మనకు నిద్రపట్టే కొలత అవుతుందేమో అన్న ఊహ మాత్రం వదలదు.

హోసూరు టైటాన్ టౌన్‌షిప్‌ను రూపొందించినది వాస్తుశిల్పి చార్లెస్ కొరియా. ఆకాశం కనిపించే చోటు కూడా ఇంట్లో ఒక గదే అన్నది ఆయన నమ్మిన సంగతి. మన పాత మండువా ఇళ్లు కట్టినవాళ్లు ఈ మాట విని తలూపేవారు. ఇప్పుడు చూసే ఫ్లాట్లలో ఆకాశం బట్టలారేసే బాల్కనీ పక్కన చారెడు దొరుకుతుంది.

పట్టా అనే కాగితం గురించి ఆలోచిస్తే మనసు ఇంకా వెనక్కి వెళ్తుంది. 1792లో టిప్పు సుల్తాను నుంచి బారామహల్ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కృష్ణగిరి అందులోది. హోసూరు మాత్రం 1799 దాకా మైసూరు కిందే ఉంది. బారామహల్‌ను చూసుకోవడానికి వచ్చిన అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో, చేను చేనూ కొలిపించి, నడుమ జమీందారు లేకుండా నేరుగా రైతు పేరనే శిస్తు కట్టించుకునే పద్ధతికి ఇక్కడ రూపం తెచ్చారు. ఆ రైత్వారీ తరువాత దత్తమండలాలకు వెళ్లింది. రాయలసీమలో మన్రో పేరు ఇప్పటికీ తలుచుకుంటారు. పేరు మీద నేల రాయడం అంటే పేరు పెట్టి పన్ను అడగడం కూడా. ఆ శిస్తు తేలికైనదేమీ కాదు. అయినా ఈ నేల నాదని ఒక కాగితాన్ని చూపించగల ధైర్యం ఈ సీమ సేద్యగాడికి ఆ కొలతల్లోంచే వచ్చింది.

ఆ మన్రో ధర్మపురిలో ఉన్నప్పుడు ఒక తోట పెంచుకున్నాడు. దాని మీద మమకారం ఆయన ఉత్తరాల్లో కనిపిస్తుంది. 1799లో బదిలీ అయి కన్నడ తీరానికి వెళ్లిపోయాడు. ఉద్యోగం మీద వచ్చిన మనిషి ఉద్యోగం మీదే వెళ్లాడు. ఊరంతటి నేలనూ ఎవరిది ఎంతో లెక్కకట్టి రాయించిన చేయి, తాను నిలిచి ఉండలేని చోట మొక్కలు నాటింది.

ఈ సంగతి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆగిపోతాను. సొంతమైన దాని మీద మమకారం పుడుతుందా, మమకారం పుట్టాక సొంతమవుతుందా? అద్దె ఇంట్లో ఉంటూ ఖాళీ చేయమన్న మాట విన్నవాళ్ల ముందు ఈ ప్రశ్న అడగడానికి నోరు రాదు. ఆ మాట బరువు తెలియనివాళ్లకే మమకారం చాలు అనిపిస్తుంది. నా పేరన గోడ ఉంటే మేకు కొట్టుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. అది చిన్న స్వేచ్ఛ కాదు.

ఇక్కడ భోగ్యం పద్ధతి ఒకటి ఉంది. కొన్ని లక్షలు ఇంటివాళ్ల చేతిలో పెట్టి రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉంటారు. వెళ్లేటప్పుడు ఆ సొమ్ము తిరిగి తీసుకుంటారు. తెచ్చినదంతా మళ్లీ చేతికి వస్తుంది, ఉన్న రోజులు తప్ప. డబ్బు లెక్కలో అది లాభమో నష్టమో వడ్డీ తెలిసినవాళ్లు చెబుతారు. ఉండడం లెక్కలో చూస్తే, మనిషి ఈ లోకంలో ఉన్న తీరుకు అంత దగ్గరగా వచ్చిన ఒప్పందం నేను ఇంకొకటి చూడలేదు.

కొనేముందు వకీలు ముప్పై ఏళ్ల ఈసీ తీయించమంటాడు. ఎవరు ఎవరికి అమ్మారు, ఎప్పుడు తాకట్టు పెట్టారు, ఎప్పుడు విడిపించారు అన్నీ అందులో ఉంటాయి. అద్దెకున్నవాళ్ల పేర్లు ఉండవు. ఈ చుట్టుపక్కల చదువుల ఊళ్లు ఎన్నో. హోసూరులో 1987 నుంచి అదియమాన్ ఇంజనీరింగు కాలేజీ ఉంది. 1824 నాటి పశుక్షేత్రమున్న మత్తిగిరిలో ఇప్పుడు కోళ్ల పెంపకం చదువు చెప్పే కళాశాల ఉంది. సరిహద్దు దాటి కుప్పం వెళ్తే 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం. నాలుగేళ్లు గదుల్లో ఉండి వెళ్లిపోయిన పిల్లలు ఎందరు! టీ అంగడి బల్ల, చంద్రచూడేశ్వరుడి కొండ మెట్లు, చెరువు మీది గాలి వాళ్లకు ఇప్పటికీ గుర్తుండి ఉంటాయి. ఊరు వాళ్లది కాదని ఎలా అనడం?

పత్రం తమిళంలో ఉంటుంది. మా ఇంట్లో మాట తెలుగు. సంతలో కన్నడం కూడా కలుస్తుంది. 1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు హోసూరు తమిళుల వైపే ఉండిపోయింది. 2006 చట్టంతో బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఉన్న ఊరి భాష. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లలకు తెలుగు అక్షరాలు రాకుండా పోవడమే మనసుకు పట్టుకుంటుంది. ఈ ఇంట్లో అవ్వ రాసుకున్న పద్దుల పుస్తకం ఉంటే దాన్ని మనవరాలు చదవగలదా? ఇల్లు వారసత్వంగా ఇవ్వగలం. చదువుకునే వీలు ఇవ్వాలంటే రోజూ కాసేపు పక్కన కూర్చోవాలి. ఏది ఎక్కువ ఖరీదో తెలియడం లేదు. పక్కవీధిలోంచి "ఏం చేస్తా ఉండావమ్మా" అన్న పలకరింపు వినిపిస్తున్నన్నాళ్లూ ధైర్యంగానే ఉంటుంది.

ఇంకా చూడవలసిన ఇళ్లున్నాయి. పాత ఊళ్లో ఒకటి చిన్నది, దారి ఇరుకు, వయసు మళ్లిన దంపతులు అమ్ముతున్నారు. ఎందుకు అమ్ముతున్నారో కనుక్కోండి, బేరానికి పనికొస్తుందని తెలిసినవాళ్లు చెప్పారు. నాకు వేరే అడగాలని ఉంది. ఏ నెలలో ఎండ ఏ గదిలోకి వస్తుంది, బోరు ఏ ఏడు ఎండింది, పక్కింటివాళ్లు రాత్రిపూట పిలిస్తే పలుకుతారా, ఇక్కడి నుంచి వెళ్లాక వాళ్లకు ఏది లేక వెలితిగా ఉండబోతుంది. ముప్పై ఏళ్ల ఈసీలో లేనివన్నీ వాళ్లకు తెలుసు. ధర మాట ఎత్తకముందే అడగాలనుకుంటున్నాను, చెప్పే తీరిక వాళ్లకు ఉంటే.