ఒట్టు ఒక్కటే సరిపోదు కొడుకా

కొడుకా, కురుమూర్తి జాతరల దేవుని ముందట నిలబడి కల్లు ముట్టనని ఒట్టేసినవని విని సంబురపడ్డ. మూడో నాటికి చేతులు వణికి చాయ గిలాస పడేసినవట, ఎవ్వరూ లేని దిక్కు చూసుకుంట మాట్లాడినవట. కోడలు బుగులుపడ్డది. మర్నాడు మళ్ల దుకాణం కాడ తేలినవ్. వానికి మనసు గట్టిగ లేదని ఊరంత అంటున్నరు. నేనైతే ఒప్పుకోను.

నువ్వు తాగేది చెట్టు కల్లు కాదు. మన దిక్కు తాళ్లెన్ని, ఈదులెన్ని, అవి ఎంత పారుతయో నీకు తెల్వదా? దుకాణంల మాత్రం ఏ దినం సీసాలకు కొదవ లేదు. ఆ లోటు నింపేది నీళ్లు, శాక్రిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం. చివరి మూడూ మత్తుమందులే, శాక్రిన్ తీపికి. ఏండ్ల సంది వాటికి మరిగిన ఒళ్లు ఒక్కపారి ఆపితే తిరగబడతది. నిద్ర పోతది, చెమటలు పోస్తయి, లేనివి కండ్ల పడతయి, ఫిట్సు గూడ వస్తయి. 2015 సెప్టెంబరుల సర్కారు కల్తీ మీద దాడులు చేసి మందు కల్లు దొరకకుంట చేసినప్పుడు చూసినం గద! పాలమూరు, మెదక్, నిజామాబాద్ జిల్లాల జనం వింతవింతగ చేసుకుంట దవాఖానలల్ల పడ్డరు. వాళ్లందరి మనసూ ఒకటేపారి బలం తప్పిందా?

అట్లని మనసుకు పని లేదంటలేను. పొద్దూకినంక దుకాణం ముందట నిలబడి ఆపుకుంటనంటే నీతోనీ కాదు, నాతోనీ కాదు. పొద్దున నిమ్మళంగ ఉన్నప్పుడే ఆ పని చేసుకోవాలె. కూలి పైసలు కోడలి చేతికే ఇయ్యమని గుత్తేదారుకు చెప్పు. చెరువు కట్ట మీదికెల్లి ఇంటికి రా, ఆ తొవ్వల దుకాణం లేదు. యావ పుట్టినప్పుడు ముందుగాల ఇంత అన్నం తిను. ఆ గుంజుడు కాసేపు ఉండి తగ్గుతది.

ఎందుకు మానాలెనో గూడ నువ్వే అనుకోవాలె. నేను తిట్టిననో, కోడలు ఏడ్చిందనో మానితే ఎక్కువ దినాలు నిలువది. తాపీ పడితే గోడ వంకర పోతున్నదని, కూలి వదిలి మళ్ల మేస్త్రీ పనే చెయ్యాలనుందని మొన్న నువ్వే అన్నవ్. ఆ మాట ఇడువకు.

సొంతంగ మాత్రం ఒక్కపారే బంద్ పెట్టకు. పాలమూరు పెద్దదవాఖానల మానసిక డాక్టరుకు చూపిద్దాం, మందులిచ్చుకుంట మెల్లగ మాన్పిస్తరు. దినానికి ఎన్ని సీసాలో సిగ్గుపడకుంట ఉన్నదున్నట్టు చెప్పు, దాన్ని బట్టే మందు రాస్తరు. రాత్రి మనసు ఆగకుంటే సర్కారు మానసిక సాయం నంబరు 14416కు ఫోన్ చెయ్యమని కోడలికి చెప్పిన, పైసలు పడవు. ఫిట్సొస్తే 108. నడుమల ఒకపారి జారినా మొఖం దాచుకోకు, మళ్ల డాక్టరు కాడికే పో. సోమవారం మొదటి బస్సుకు తయారుండు, నేనూ వస్తున్న.