తాడు కనబడు మాయ

చింతామణి తాలూకాలోని కైవారము కొండను చూచుచు పెరిగినవారికి రాక్షసుడు క్రొత్తవాడు కాడు. భారతమందలి ఏకచక్రపురము ఇదియే యనియు, భీముడు బకాసురుని చంపి ఈ కొండక్రింద అణచిపెట్టెననియు మా పెద్దలు చెప్పుచుండెడివారు. భీముడు ప్రతిష్ఠించెనని చెప్పు భీమలింగేశ్వరుని ఆలయము నేటికిని అచ్చట నున్నది. మాకు ఐదారేండ్ల వయసున మా అవ్వ ఆ కథ చెప్పునపుడు ఆమెకు గల సామగ్రి యెల్లను ఒక సీమనూనె బుడ్డియు, గోడపై బడు ఆమె నీడయు మాత్రమే. బండెడన్నము తిను బకాసురుని నోరు ఎంతటిదో ఆమె రెండు చేతులు చాచి చూపెడిది. ఆ చేతుల నడుమ మేము చూచిన నోటిని తరువాత ఏ చిత్రమునందును చూడలేదు.

ఈ సంచికకు మేము వేదాంతవిషయమేదైన వ్రాయుదుమని పెద్దలు తలచియుండవచ్చును. మేము వ్రాయబూనినది తక్కువ ఖర్చుతో తీసిన భూతప్రేతరాక్షసుల చలనచిత్రములను గూర్చి. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, ఆపై జీవితమంతయు గుమాస్తాగా గడపిన మాకు శాస్త్రపాండిత్యము లేదు. అయినను ఈ అల్పవిషయమునందొక ధర్మసందేహము దాగియున్నట్లు మాకు చిరకాలముగా తోచుచున్నది. మాయ అని తెలిసియు మాయను చూచి సంతోషించుట అవివేకమా? మోసము పైకి కనబడుచున్నపుడు దానిని మోసమనవచ్చునా?

మా బాల్యమున బాగేపల్లి వంటి చోట్ల టూరింగ్ టాకీసే మాకు చిత్రశాల. మా వాడుకలో అది ‘టెంటు’. అప్పటికి బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము మూడును కోలారు జిల్లాలోనివే. చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 2007లో. సాయంకాలము టెంటుపై కట్టిన మైకునుండి ఘంటసాలవారి కంఠమున వేంకటేశ్వరస్తుతి వినబడగానే వీధిలోని స్త్రీలు పొయ్యి ఆర్పి, పిల్లలను చంకనెత్తుకొని బయలుదేరెడివారు. నేల టికెట్టువారికి ఇసుకయే ఆసనము. ఒకే యంత్రముండుటచే రీలు మార్చినపుడెల్ల చీకటి, చీకటియైనపుడెల్ల ఈలలు. మేము కన్నడబడిలో చదివి, ఇంట తెలుగు మాటలాడి, తెలుగక్షరములను మొదట సినిమా గోడపత్రికలపై కూడబలుకుకొని నేర్చినవారము. మా తరమువారిలో అనేకుల అక్షరాభ్యాసమిట్లే జరిగినది. ఈ సంగతి చెప్పుకొనుటకు మేము సిగ్గుపడము.

ఆ గోడపత్రికలపై మేము తరచుగా చదివిన పేరు బి. విఠలాచార్యగారిది. ఆయన తెలుగుగడ్డపై పుట్టినవాడు కాడు. 1920లో ఉడుపి ప్రాంతమున జన్మించి, అరసికెరెలో హోటలు నడపి, క్విట్ ఇండియా ఉద్యమమున చెరసాలకేగి, తరువాత మిత్రులతో గూడి హాసను జిల్లాలో టూరింగ్ టాకీసు నడపినవాడు. మైసూరున శంకర్ సింగుగారితో కలసి మహాత్మా పిక్చర్స్ నెలకొల్పి కన్నడ చిత్రములు తీసి, పిమ్మట తెలుగున స్థిరపడెను. కన్నడదేశమున తెలుగువారమైన మాకు, తెలుగు చిత్రసీమలో పేరుకెక్కిన ఈ కన్నడనాటివాడు ఎట్లో బంధువు వలె తోచెడివాడు. నేల టికెట్టువాడు ఎచ్చట ఈల వేయునో, ఎచ్చట బీడీ ముట్టించుకొనునో ఆయన చెన్నపట్టణములో కూర్చుండి ఊహించి తెలిసికొనలేదు. టెంటులో నిలువబడి చూచెను. 1963లో ‘బందిపోటు’, 1964లో ‘అగ్గిపిడుగు’, 1978లో ‘జగన్మోహిని’ ఆయనవే. జీతము చాలదని నటుడు పేచీ పెట్టినచో, మునిశాపముచే ఆ పాత్రను చిలుకగానో మేకగానో మార్చి కథ నడపించెడివాడని సినిమావారు చెప్పుకొందురు. నిజమైనను కాకున్నను, ఆయనను గూర్చి యిట్టి కథ పుట్టుటయే ఆయన పద్ధతికి సాక్ష్యము.

‘జగన్మోహిని’లో పిశాచము కట్టెలకు బదులు తన కాలినే పొయ్యిలో పెట్టి వంట చేయును. చూచినవారెవరును దానిని మరువలేదు. దానికి గొప్ప యంత్రములక్కరలేదు. ఒక పొయ్యి, ఒక కాలు, ఇంత మంట, వంటింటి సంగతి తెలిసిన బుద్ధి చాలును. మనుష్యుడు మాయమగుటకు కెమెరా నాపి అతనిని ప్రక్కకు పొమ్మని మరల కెమెరా నడపిన సరి. ఆకాశగమనమునకు తీగయో తాడో చాలును.

ఆ తాడే ఇప్పటి మా విషయము.

మేము ఎస్.ఎస్.ఎల్.సి. ముగించిన యేడు మా తల్లితో టెంటుకు పోయి ఒక జానపదచిత్రము చూచుచుంటిమి. రాక్షసుడు రాకుమారిని చంకనిడుకొని ఆకాశమున ఎగురుచుండగా అతని నడుమునుండి పైకి పోవు తాడు తేటతెల్లముగా కనబడెను. మేము బిగ్గరగా నవ్వితిమి. వెనుక బెంచీలమీది మా మిత్రులును నవ్విరి. మా తల్లి ప్రక్కన పొరుగింటి పసిపిల్ల ఆమె కొంగులో ముఖము దాచుకొని యుండెను. నవ్వులు విని తల యెత్తి చుట్టును చూచెను. ఇల్లు చేరువరకు దారిపొడవునను ఆ తాడు మర్మమును మా తల్లికి వివరించితిమి. ఆమె చదువుకొన్నది కాదు. అంతయు విని యిట్లనెను: “తాడు నాకు గూడా కనిపిస్తానే ఉండె లేరా. తాడు చూసేదానికా దుడ్డిచ్చి వచ్చింది? ఆ పాప బాగా భయపడుకోని ఉంటే నువ్వు నవ్వి చెరిపేస్తివి.”

తాడు చదువుకొన్నవానికే కనబడునని మేము తలచుట మొదటి తప్పు. కనబడిన తాడును గూర్చి మాటలాడకుండుట అజ్ఞానమనుకొనుట రెండవది. నేలపై కూర్చున్న అంతమందియు తాడును చూచియే యుందురు. చూచి, తమలో తామొక ఒప్పందమునకు వచ్చినట్లు, దానిని ప్రక్కకు నెట్టి రాక్షసుని చూచుచుండిరి. ఆ ఒప్పందమును మేమే భంగపరచితిమి. వీధినాటకమున బకాసురుడు వేషము వేసినవాడు ఊరి వడ్రంగి యని యెరుగనివారెవరు? తెల్లవారినచో నాగలి బాగుచేయించుకొనుటకు వానికడకే పోవలెను. అయినను అతడు గద యెత్తగా ముందు వరుసవారు వెనుకకు జరిగెడివారు.

అబద్ధమనునది ఏమో మాకు తెలిసినది తరువాత చాల యేండ్లకు, ఉద్యోగమున. పేరు చెప్ప నవసరము లేని ఒక కార్యాలయములో, పైవారి మాటపై, జరుగని స్థలతనిఖీ జరిగినట్లు వ్రాసిన ఒక మహజరునకు మేము శుద్ధప్రతి వ్రాసితిమి. మా దస్తూరి చక్కనిదని పేరు. అక్షరములు ముత్యములవలె నుండెను; ముద్ర వంకర లేక పడెను. ఆ కాగితముచే హద్దు జరిగి నష్టపోయిన ముసలి రైతు చదువనేరడు. నకలును అందుకొని, కన్నులకద్దుకొని, మడచి పంచెకొంగున కట్టుకొని పోయెను. మేము నోరు మెదపలేదు. ఆ కాగితమున తాడు ఎచ్చటను కనబడదు. కనబడకుండ చేసినది మా దస్తూరియే. మా తల్లి రాక్షసుని నమ్మలేదు, ఒప్పుకొనెను. ఆ రైతు ఒప్పుకొనుటకు వీలే లేకుండెను, నమ్మెను.

బెంగుళూరులో ఉద్యోగము చేయు మా కుమారుడు ఈ విషయమున మాకు గల ఆసక్తి యెరిగి విదేశచిత్రములు కొన్ని చూపెను. 1953లో అమెరికాలో వచ్చిన ‘రోబాట్ మాన్‌స్టర్’ అను చిత్రమున, మానవజాతిని నశింపజేయవచ్చిన అన్యలోకవాసి గొరిల్లా తొడుగు తొడిగి, తలపై ఈతగాండ్ర శిరస్త్రాణము వంటిది పెట్టుకొని కొండలలో తిరుగును. వాని వార్తాయంత్రము సబ్బుబుడగలు వదలును! మేము కన్నీరు వచ్చునట్లు నవ్వితిమి. కాని నవ్వు ముగియునప్పటికి ఆ ఎండలో ఆ తొడుగులో నడచినవానిపై జాలి కలిగెను. మరుసటి యేడే జపానులో ఇషిరో హోండా తీసిన ‘గాడ్జిల్లా’ వచ్చెను. అది ఆ దేశపు లెక్కలో చౌక చిత్రము కాకున్నను, బొమ్మను అంగుళమంగుళము కదల్చి చిత్రించుటకు వ్యవధి చాలక, రబ్బరు తొడుగులో మనిషినే దించి బొమ్మల టోకియో నగరమును త్రొక్కించిరి. హిరోషిమాపై బాంబు పడి అప్పటికి తొమ్మిదేండ్లు. ఆ యేటి మార్చిలోనే బికినీ దీవిలో జరిగిన హైడ్రోజను బాంబు పరీక్షవలన ఒక జపాను చేపలపడవపై విషపు బూడిద రాలియుండెను. రబ్బరు ముడుతలు కనబడుచునే యుండును. ఆ చూచువారికి కావలసినది ముడుతలు కాదు.

దోషములు లేవనము. మా ప్రాంతమున ఆడుదానికి మతి చలించినచో మోహిని పట్టినదని వేపమండలతో కొట్టిన రోజులుండెను. ఆ నమ్మకమునకు ఈ చిత్రములు అందమైన రూపమిచ్చినవి. పిశాచమునకు ఎల్లప్పుడును ఆడురూపమే ఏలనో అడిగినవారు తక్కువ. పేదరికమును సాకుగా చూపి, శ్రద్ధ లేక తీసిన చిత్రములును కోకొల్లలు. డబ్బు లేకుండుట వేరు, మనసు లేకుండుట వేరు. నేల టికెట్టువాడు ఆ భేదమును మొదటి రీలులోనే గ్రహించెడివాడు.

నేటి చిత్రములలో కంప్యూటరు సాయమున తాడు చెరిగిపోయినది. అది నేర్పే, నేర్పును తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని సెల్‌ఫోనులో, మనిషి అననిమాట అన్నట్లుగా అతని ముఖముతో, అతని గొంతుతోనే చూపు చిత్రములు వచ్చుచున్నవి. వానిని చూచినపుడెల్ల మాకు ఆ మహజరు జ్ఞప్తికి వచ్చును.

ఆ మధ్య సెలవులకు వచ్చిన మా మనుమరాలు కథ చెప్పుమనగా బకాసురుని కథ చెప్పితిమి. నోరు ఎంతది తాతా అని యడిగినది. మేము చేతులు చాచితిమి. భుజములనొప్పిచే అవి మా అవ్వ చేతులంత సాగలేదు. ఆ పిల్ల కొంచెముసేపు మా చేతుల వైపు చూచి, పెదవి విరచి, “కాదు తాతా, ఈ గోడనుంచి ఆ గోడదంకా” అనెను.