ముసాఫహా మెప్పు కోసమా?

ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం (2008) వంటి చోట్ల చదువు ముగించి ఉద్యోగాల వేటలో పడే మన పిల్లలకు ఇంటర్వ్యూ పాఠాల్లో కరచాలనం కూడా నేర్పుతారు. చేతిని జారవిడిచినట్టు ఇవ్వకూడదు, పట్టి నలపకూడదు, ముఖంలోకి చూడాలి, చిరునవ్వు ఉండాలి. ఇదంతా ఎదుటివారి మెప్పు కోసమే కదా, ఇది రియా కాదా అని వారిలో ఒకరు అడిగితే మనం ఏం చెప్పాలి?

మర్యాద నేర్చుకోవడం రియా కాదు. సహాబాల మధ్య ముసాఫహా ఉండేదా అని ఖతాదా అడిగినప్పుడు హజ్రత్ అనస్ (రజి) ఉండేదనే చెప్పినట్టు బుఖారీలో ఉంది. ఒక చేత్తోనా, రెండు చేతులతోనా అన్న చర్చ మాత్రం మన మస్జిదుల్లో అవసరానికి మించి జరుగుతోంది. చెయ్యి కలిపేటప్పుడు మనసు ఎక్కడ ఉందన్న మాట అంతగా వినబడదు.

హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) వృత్తాంతం చూడండి. హిజ్రీ 9లో తబూక్ ప్రయాణానికి వెళ్లకుండా వెనుక ఉండిపోయినందుకు ఆయనతో 50 రోజులు ఎవరూ మాట్లాడలేదు. ఆయన మస్జిదుకు వచ్చి సలాం చేసి, జవాబుగా దైవప్రవక్త (సఅసం) పెదవులు కదిలాయా లేదా అని చూసుకునేవారు. చివరికి తౌబా స్వీకృతమైన రోజు ఆయన మస్జిదులో అడుగుపెట్టగానే హజ్రత్ తల్హా (రజి) లేచి పరుగున వచ్చి చెయ్యి కలిపి అభినందించారు. ముహాజిర్లలో లేచి వచ్చినవారు ఆయన ఒక్కరే. ఆ సంగతి కఅబ్ (రజి) ఎన్నడూ మరచిపోలేదు. తల్హా (రజి)కి ఆయన వల్ల ఒరిగేదేమీ లేదు. చేతి పట్టు ఎలా ఉందో ఉల్లేఖనంలో లేనే లేదు. లేచి ఎదురు రావడమే గుర్తుండిపోయింది.

మరి ఎదుటివారికి తెలియని చోట మర్యాద మాటేమిటి? దైవప్రవక్త (సఅసం) ఖురైషు నాయకులకు ధర్మబోధ చేస్తుండగా అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి తనకూ బోధించమన్నారు. మధ్యలో మాట తెగినందుకు ఆయన (సఅసం) నుదురు ముడిపడింది. ఆ నాయకులు దారికి వస్తారన్న ఆశతోనే అలా జరిగింది. పైగా ఆ ముడి అంధునికి కనబడదు. అయినా అల్లాహ్ దానిని వదిలిపెట్టలేదు. 80వ సూరా ‘అబస’ ఆ సందర్భంలోనే అవతరించింది.

ఇంటర్వ్యూలో పరస్త్రీ చెయ్యి చాపితే ఏం చేయాలని కూడా పిల్లలు అడుగుతుంటారు. చెయ్యి గుండె మీద ఉంచి, తల కాస్త వంచి, నవ్వుతూ పలకరిస్తే చాలు. 2020లో కరోనా వచ్చాక అందరూ దూరం నుంచే పలకరించుకోవడం నేర్చారు కాబట్టి ఇప్పుడు అది ఎవరికీ వింతగా అనిపించదు.

ఇంటర్వ్యూకు బయలుదేరే పిల్లవాడితో మనం ఒక్క మాట చెబుదాం: లోపలికి వెళ్లేముందు గేటు దగ్గరి కాపలాదారును కూడా అదే నవ్వుతో పలకరించి వెళ్లు. లోపల కూర్చున్నవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.