రెండు పుస్తకములలో రెండు పేరులు

"మా తాత ఏ ఊరివాడు? ఏ సంవత్సరమున ప్రభువును నమ్ముకొనెను?" అని కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములందలి మన కుటుంబములవారు అడుగుచుందురు. వెదకినయెడల బాప్తిస్మపు పుస్తకములో ఒక పేరు, బడి రిజిస్టరులో మరియొక పేరు, సమాధిరాతిమీద వేరొక సంవత్సరము కనబడును. దేనిని నమ్మవలెను?

మొదట, ఆయా పుస్తకమును ఎవరు, ఎందుకు వ్రాసిరో విచారింపుడి. బాప్టిస్టు సంఘములలో పసిబిడ్డలకు బాప్తిస్మమియ్యరు గనుక అందులోని తేది పుట్టిన దినము కాదు. గొప్ప కరవు పిమ్మట 1878 జూలై 3వ తేదిన గుండ్లకమ్మ నదిలో ఒంగోలు మిషనువారు 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. అట్టి దినమున వ్రాయువాని చేయి తడబడిన ఆశ్చర్యమేమి? బడిలోనో, అయ్యవారు పిల్లవాని ఎత్తు చూచి వయస్సు వేసెడివారు. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో నుండెను గనుక పాత కాగితములు అక్కడను వెదకవలసియుండును. మరియు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువునుబట్టి క్రైస్తవులైన వారికి షెడ్యూల్డు కులముల హక్కులు లేవు. కాబట్టి బాప్తిస్మమందు యేసుదాసైన ఎల్లప్ప, తన బిడ్డలను బడిలో చేర్చునప్పుడు పాత పేరే చెప్పియుండవచ్చును. వారి ఇరుకును ఎరుగక తీర్పు తీర్చకుడి.

అయితే మన హృదయములో ఒక శోధన కలదు. గౌరవము తెచ్చు వ్రాతను ఉంచి, కరవు కూలిని, జీతగాని బ్రదుకును చూపు వ్రాతను కొట్టివేయగోరుదుము. పెండ్లి సంబంధముల యొద్దను, "మా వంశమే సంఘములో మొదటిది" అను పోరులోను ఈ ఆశ బయలుపడును. ఇది కాగితముల లోపము కాదు, మన లోపము.

లేఖనములను చూడుడి. యోసేపు తండ్రి యాకోబని మత్తయి, హేలీ అని లూకా వ్రాసిరి. పండితులు అనేక సమాధానములు చెప్పిరిగాని సంఘము ఏ పట్టికను చింపివేయలేదు. మత్తయి తామారును, రాహాబును దాచలేదు. చెరనుండి తిరిగివచ్చినవారిలో తమ పితరుల యింటిని రుజువు చేయలేనివారు 652 మందియని ఎజ్రా గ్రంథము, 642 మందియని నెహెమ్యా గ్రంథము చెప్పుచున్నవి. లెక్క కలియలేదు, అయినను వారును జనముతోకూడ యెరూషలేము మార్గమున నడిచినవారే.

కాబట్టి ముసలివారు బ్రదికియుండగానే వారియొద్ద కూర్చుండి అడుగుడి. రెండు పేరులను ప్రక్కప్రక్కన వ్రాయుడి. ఏది ఏ పుస్తకములోనిదో గురుతు పెట్టుడి. తెలియని చోటును ఖాళీగా విడువుడి. ఆ ఖాళీని గొప్పలతో నింపుటకంటె అట్లే విడుచుట పితరులకు ఎక్కువ సన్మానము. మనము చదువలేని పేరును దేవుడు ఎరుగును.