దత్తత దాపరికము

పెంచిన తల్లి చెప్పని మాటను సర్కారు కాగితము చెప్పవచ్చునా? ఈ ప్రశ్న మాకు ధర్మశాస్త్రములు చదువుటవలన గలిగినది కాదు. తమిళనాట నొక చిన్న ఊరి రిజిస్ట్రారు కచేరిలో గుమాస్తాగా నుండగా మా బల్ల యెదుటకే వచ్చి నిలిచినది.

అక్క బిడ్డను చెల్లెలో, తమ్ముని బిడ్డను అక్కయో పెంచుకొనుట మన కుటుంబములలో పరిపాటి. తరములుగా తమిళుల నడుమ చెదరి యుండి, కొద్ది యిండ్లలోనే సంబంధములు కలుపుకొనుచు వచ్చిన మనకు వేరు దారియు తక్కువే. అట్టి యింటి పిల్లవాడొకడు, ఇరువది నాలుగేండ్లవాడు, తన పేర దత్తత పత్రమేదైన నున్నదా యని వచ్చి యడిగెను. మేనరికమునకు మేనమామ వలదనెనట; కారణము చెప్పడట. తల్లి కంట నీరు పెట్టుకొనునే గాని పెదవి విప్పదట. బీదవారమని కాదన్నాడని తలచి మామ గడప త్రొక్కుట మానివేసెను. ఇంతలో పెండ్లింట నెవరో ముసలమ్మ, నీవు దత్తుడవే గదా యని నోరు జారినదట. ఆ మామయే తన జనకుడనియు, తాను కోరిన పిల్ల తన తోబుట్టువనియు అతడెరుగడు. మేమెరుగుదుము. రిజిస్టరులో ఆ పత్రమును ఎక్కించిన చేయి మాదే.

1908 రిజిస్ట్రేషను చట్టము ప్రకారము భూముల దస్తావేజులుండు మొదటి పుస్తకమును రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. దత్తత పత్రములు చేరు నాలుగవ పుస్తకమట్లు కాదు. దానిని అధికారియే వెదకవలెను. వ్రాసి యిచ్చినవారికి, దానివలన హక్కు పొందినవారికి మాత్రమే నకలు. పొరుగువారికి మూసి, సంబంధించినవానికి తెరచిన ఈ తలుపు మాకెన్నడును తప్పుగా తోచలేదు. ఇక 1956 నాటి హిందూ దత్తత చట్టము పన్నెండవ సెక్షనున జనకుల యింటితో బంధములన్నియు తెంచివేసియు, వివాహ నిషేధమును మాత్రము నిలిపి యుంచినది. తెలియని నిషేధము నెవడు పాటించును? పిల్లవాని మేలుకే దాచితిమను పెద్దలు దీనికి బదులు చెప్పవలెను.

జనకుల పక్షమునను ఒక మాట గలదు. సంస్థల ద్వారా జరుగు దత్తతలకై 2022లో వచ్చిన నియమములు, పదునెనిమిదేండ్లు నిండినవాడు తన మూలములను వెదకికొనవచ్చుననుచునే, ఆ హక్కు జనకుల గోప్యతకు భంగము గలిగింపరాదనియు చెప్పుచున్నవి. బిడ్డను విడిచిన తల్లి యే స్థితిలో విడిచెనో! ఆమె మౌనమును మేము తప్పు పట్టజాలము. పండుగ పూట ఎదుట కూర్చుండబెట్టి పాయసము వడ్డించువారి మౌనము వేరు.

ఆనాడు మేము అరగంట పనికి రెండు దినములు పట్టునని బొంకితిమి. ఈలోపల తల్లినే మరల అడుగుమంటిమి. హక్కుగలవానిని ఆపుటకు గుమాస్తా యెవడని యడిగిన మా కడ సమాధానము లేదు. ఆ యబద్ధము నేటికిని ముల్లువలె నున్నది. ఐనను మరల అట్లే చేయుదుమేమో.

మూడవనాడతడు వచ్చెను, నకలు కొరకు కాదు. తల్లి ట్రంకుపెట్టె అడుగునుండి తీసి యిచ్చిన అసలు పత్రమే చేత నుండెను. తమిళమున నున్న పాఠమంతయు చదివికొన్నాడు. క్రింది సంతకములు తెలుగున నుండెను. బడిలో తెలుగు లేనివాడు గనుక మా కడకు తెచ్చెను. ఒక్కొక్క పేరుపై వ్రేలుంచి చదివితిమి. ఇంతకాలము అత్తా యని పిలిచిన ఆమె సంతకము కడ, మరియొకసారి చదువుడనెను.